నలభై సెకన్ల వంటిల్లు

యంత్రం అట్టపెట్టెలోంచి పూర్తిగా బయటికి రాకముందే వదిన దానికి పేరు పెట్టేసింది.

“కొత్తల్లుడు,” అంది గుమ్మంలో నడుం మీద చెయ్యేసుకుని నిలబడి. “ఇద్దరు మోసుకొచ్చారు. ఏసీ గది కావాలన్నాడు. విడిగా ప్లగ్గు కావాలన్నాడు. ఇంకా ఇంత పని ముట్టుకోలేదు. అల్లుడి లక్షణాలు ఇంతకన్నా ఏం కావాలి?”

పాపాయికి ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. ముందు ఏది బయటపెట్టాలో తెలియక తీగలు సర్దుతూ కూర్చుంది. పాపాయి అంటే చిన్నపిల్ల కాదు. ముప్పై ఆరేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, ముక్కు మీద అద్దాలు. అన్న కన్నా పద్నాలుగేళ్ళు చిన్నది కావడం చేత పాపాయి అన్న పేరు అతుక్కుపోయింది, ఇక ఊడలేదు. బ్యాంకువాళ్ళు కూడా పాపాయిగారూ అనే పిలుస్తారు.

అన్నది వడ్రంగం. వంటిళ్ళకి అలమరలు, సొరుగులు, అరలు చేస్తాడు. ఆ వంటిల్లు తయారయ్యాక ఎలా ఉంటుందో ముందే కంప్యూటర్లో బొమ్మ గీసి చూపించడం పాపాయి పని. ముందు గదిలో ఆమె బల్ల, వచ్చినవాళ్ళకి ఒక సోఫా, గోడకి అన్న చేసిన మచ్చు అలమర ఒకటి. వెనక పెద్ద షెడ్డు, అందులో చెక్కపొట్టు, రంపాలు, అన్న. ఈ రెంటికీ నడుమ ఒక స్టవ్వు, టీ గిన్నె, వదిన. వదిన పని ఫలానా అని ఎవరూ చెప్పలేరు. ఆమె లేని రోజున మాత్రం ఏ పనీ జరగదు.

కొత్తల్లుడికి ముందు ఆ బల్ల మీద పదకొండేళ్ళు ఉన్నది తాతయ్య. తాతయ్య అంటే పాత కంప్యూటరు. అది ఒక్క బొమ్మ తియ్యడానికి నలభై నిమిషాలు తీసుకునేది. దీన్ని ఆ ఇంట్లో “ఉడకడం” అనేవారు. బొమ్మ ఉడుకుతున్నంతసేపూ మౌస్ ముట్టుకోకూడదు, పక్కన గట్టిగా తలుపు కూడా వెయ్యకూడదు. వేస్తే తాతయ్య గుటుక్కుమనేవాడు. మళ్ళీ మొదటి నుంచి ఎసరు పెట్టుకోవాలి.

అందుకని పాపాయి బొమ్మని పొయ్యెక్కించి, చెవి ఒకటి ఇటే పడేసి, వెనక షెడ్డులోకి వెళ్ళి అన్న కోస్తున్న ప్లైవుడ్ షీటుకి అవతలి కొస పట్టుకునేది. వదిన టీ పెట్టి వచ్చినవాళ్ళతో లోకాభిరామాయణం మొదలెట్టేది. వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోలేక మచ్చు అలమర తలుపులు తీసి వేసి, సొరుగులు లాగి నెట్టి, షెడ్డులోకి తొంగిచూసి చెక్క వాసన పీల్చేవారు. ఇదంతా పని అని ఎవరూ అనుకోలేదు. బొమ్మ వచ్చేదాకా కాలక్షేపం అనుకున్నారు. నలభై నిమిషాలకి బొమ్మ వచ్చేది, వాళ్ళు ఒక్కసారి చూసి “బాగుందండీ, ఇదే చేసెయ్యండి” అనేవారు. నెలకి రెండో మూడో వంటిళ్ళు అలా ఒప్పుకునేవారు. అది తన బొమ్మల గొప్పతనమని పాపాయి నమ్మకం.

డబ్బులు కూడబెడుతున్నది నిజానికి కంప్యూటరు కోసం కాదు, రంపం మిషను కోసం. బల్లంత వెడల్పు మిషను, షీటుని దాని మీద జరిపితే చాలు, నిలబడ్డచోటే నిలబడి కోసుకోవచ్చు. అన్నకి యాభై వచ్చాయి. ముప్పై ఏళ్ళుగా వంగి కోస్తున్న నడుం అది. వంగితే ఒక మాట అంటోంది, లేస్తే రెండంటోంది.

సరిగ్గా డబ్బు జతపడిన వారంలోనే తాతయ్య ఒక లాయరుగారి ముందు ముప్పై ఎనిమిదో నిమిషంలో గుటుక్కుమన్నాడు. లాయరుగారు గడియారం చూసుకుని, కోర్టు కూడా ఇంతకన్నా త్వరగా తేలుస్తుందని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రోజు పాపాయి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. మర్నాడు కంప్యూటర్ల కొట్టుకి వెళ్ళింది.

అక్కడ టై కట్టుకున్న ఆయన ఒకడున్నాడు. ఆమెకి అరచేతిలో వైకుంఠం చూపించాడు. మామూలు కంప్యూటరు ఉత్తరాలు రాసుకునేవాళ్ళకి మేడమ్, మీలాంటివాళ్ళకి వర్క్‌స్టేషనే అన్నాడు. మామూలుది పరిగెడుతుంది, ఇది అలవకుండా పరిగెడుతుంది అన్నాడు. ఇంజనీర్లు, సినిమాలవాళ్ళు, ఆకాశంలోకి రాకెట్లు పంపేవాళ్ళు వాడేది ఇదేనన్నాడు. ఆలస్యం అమృతం విషం మేడమ్ అన్నాడు. వెల రాసిన కాగితం మాత్రం బోర్లించి ఇచ్చాడు. పాపాయి దాన్ని తిప్పి చూసి, సున్నాలు లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టింది. సరిగ్గా ఒక రంపం మిషను.

ఇంట్లో ఆ కాగితం చూసి వదిన కూడా సున్నాలు లెక్కపెట్టింది.

“మామూలుది కొనుక్కుంటే సరిపోదా పాపాయీ? మూడోవంతుకి వస్తుందిటగా.”

“మామూలుది మళ్ళీ నాలుగేళ్ళకి తాతయ్య అవుతుంది వదినా. ఇది పదేళ్ళు చూసుకోనక్కర్లేదు. బొమ్మ క్షణాల్లో వస్తుంది. లాయరుగారు పోయేవాడా? నెలకి పది వంటిళ్ళు ఒప్పించేస్తాను. రంపం మిషను రెండు నెలల్లో అదే కొనిపెడుతుంది.”

“మనం నెలకి పది వంటిళ్ళు చేస్తే మీ అన్న నడుం ఎక్కడుంటుంది?”

ఇద్దరూ అన్న వైపు చూశారు. అన్న పెన్సిలు చెవి మీదినుంచి తీసి, చూసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు.

“నువ్వు పనికొస్తుందంటే పనికొస్తుంది పాపాయీ. రంపం ఎక్కడికి పోతుంది? కొనుక్కో.”

ఆ మాట వినగానే పాపాయికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. గంతు సగంలో ఉండగానే లెక్క గుర్తొచ్చింది. అన్న నడుం ఖరీదు పెట్టి తను మిషను కొనుక్కుంటోంది. అది పనికిరాకపోతే తన మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

వదిన ఊరుకోలేదు. కొట్టువాళ్ళ కాగితంలో ముప్పై రోజుల్లోగా నచ్చకపోతే, పెట్టె చెక్కుచెదరకుండా ఉంటే, వెనక్కి తీసుకుంటామని ఉంది. దాన్ని గోడకి అంటించింది.

“ఇదిగో, అందరూ వినండి. ముప్పై రోజుల్లో ఒక్కటంటే ఒక్క వంటింటికి సంతకం పడితే అల్లుడు ఉంటాడు. పడకపోతే ఏ పెట్టెలో వచ్చాడో ఆ పెట్టెలోనే సాగనంపుతాం, రంపం తెచ్చుకుంటాం. ఏమండీ, ఆ పెట్టె అటక మీద జాగ్రత్తగా పెట్టండి. చినిగితే తీసుకోరు.”

“అలాగే,” అన్నాడు అన్న.

ముప్పై రోజుల్లో ఒక్కటా! తాతయ్యతోనే మూడు ఒప్పించిన చెయ్యి తనది. పాపాయికి వదిన మీద జాలి కలిగింది.

మొదటి బొమ్మ నలభై సెకన్లలో వచ్చింది. పాపాయి పొయ్యెక్కించి అలవాటు చొప్పున లేచి షెడ్డు వైపు నాలుగడుగులు వేసిందో లేదో, వెనక టింగుమంది. నీళ్ళలో టీపొడి వెయ్యబోతున్న వదిన చెంచా గాల్లోనే ఆగిపోయింది.

“అయిపోయిందా?”

“అయిపోయింది!”

“నేనింకా చక్కెర కూడా వెయ్యలేదే,” అంది వదిన అవమానం జరిగినట్టు.

మొదటివారంలో ఒక రిటైరైన హెడ్‌మాస్టరుగారు వచ్చారు. బొమ్మ చూశారు, బాగుందన్నారు. తాతయ్య కాలంలో అయితే అక్కడితో సంతకమే. కానీ రంగు మార్చి చూపించగలరా అన్నారు. ఎందుకు చూపించలేం, నలభై సెకన్లు. ఇంకోటి? ఇంకో నలభై సెకన్లు. ఆయన జీవితమంతా పిల్లల పేపర్లు దిద్దిన మనిషి, ఒక్కోదానికి మార్కులు వేస్తూ పోయారు. ఇరవై ఏడు వంటిళ్ళు చూశాక అన్నిటికీ నూటికి అరవై రెండు నుంచి అరవై ఐదు లోపే వచ్చాయనీ, ఇంటికెళ్ళి ఆలోచించుకుంటాననీ చెప్పారు. ఇప్పటికీ ఆలోచిస్తున్నారనే అనుకోవాలి.

రెండోవారంలో ఒక కొత్త జంట చెయ్యీ చెయ్యీ పట్టుకుని వచ్చింది. మూడో బొమ్మ దగ్గర చేతులు విడిపోయాయి. నీలం అన్నది ఆమె, బూడిదరంగు అన్నాడు అతను. పదో బొమ్మ దగ్గర సొరుగుల పిడుల మీద మాటా మాటా పెరిగింది. పంతొమ్మిదో బొమ్మ దగ్గర వాళ్ళమ్మ ఏమందో, వీళ్ళమ్మ ఏమందో బయటికొచ్చాయి. ఇరవయ్యోది తెరమీదికి వచ్చేసరికి చూడ్డానికి సోఫాలో ఎవరూ లేరు. రెండు ఆటోల్లో వెళ్ళిపోయారు.

“తాతయ్య ఎంతమంది కాపురాలు నిలబెట్టాడో ఇప్పుడు తెలుస్తోంది,” అంది వదిన ఖాళీ కప్పులు తీస్తూ. నిజానికి అవి వాడిన కప్పులు కావు. టీ ఇచ్చే తెరిపే ఎక్కడా దొరకలేదు.

పదిహేడో రోజున పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. కొత్త ఇల్లు కట్టుకుంటోంది. ఇంటికి వంటిల్లు, ఆస్పత్రికి అలమరలు, అన్నీ కలిపి అన్నకి ఆర్నెల్ల పని. పాపాయికి ప్రాణం లేచొచ్చింది. ఎదుటి మనిషి నోట్లోంచి పన్ను పీకడానికి అర నిమిషం ఆలోచించని మనిషి కదా, అలమర రంగు తేల్చడానికి ఎంతసేపు?

తేల్చలేదు. రోజూ సాయంత్రం ఐదున్నరకి రావడం, సోఫా అంచున కూర్చోవడం. “పాపాయిగారూ, ఒక్కసారి ఆకుపచ్చ చూద్దామా?” అనేది. నలభై సెకన్లు. “లేత ఆకుపచ్చ?” నలభై సెకన్లు. “మొన్న చూసిన తెలుపే నయమేమో. మొన్నటిది కాదు, అటుమొన్నటిది.” పాపాయి కుర్చీలోంచి కదలడం మానేసింది. బొమ్మకీ బొమ్మకీ మధ్య కళ్ళద్దాలు తుడుచుకునే వ్యవధి కూడా లేదు. కళ్ళు మూసుకుంటే వంటిళ్ళు బారులు తీరుతున్నాయి. ఇంట్లో పిల్లవాడు అన్నం కావాలంటే ఏ రంగుది అని అడిగింది.

ఈ ఆర్భాటంలో షెడ్డులోంచి వచ్చే చప్పుళ్ళు ఆమె చెవిన పడుతూనే ఉన్నాయి. రంపం కాసేపు కోసేది, ఆగేది. షీటు దభీమని కింద పడేది. అన్న దాన్ని ఒక్కడే ఎత్తి, జరిపి, మళ్ళీ కోసేవాడు. లేచి వెళ్దామనుకునేది పాపాయి. లేచేలోపు టింగుమనేది.

ఇరవై రెండో రోజున అన్న దగ్గర నొప్పుల మందు వాసన వచ్చింది. ఇరవై నాలుగో రోజుకి నడుం చుట్టూ వెడల్పాటి బెల్టు వెలిసింది.

“ఏమైంది వదినా?”

“ఏముంది? నిన్న వంగారు, లేవడం మర్చిపోయారు.” ఎప్పుడూ ఏదో ఒక పుల్ల విరిచే వదిన, ఆ మాట మాత్రం పాపాయి వైపు చూడకుండా అంది.

ఇంక ఆరు రోజులు. సంతకం పడిందా, కనీసం అన్న త్యాగానికి ఒక అర్థం ఉంటుంది. పడకపోతే ఈ నడుం నొప్పి, ఈ బెల్టు, అన్నీ తన గొప్పలకే ఖర్చయినట్టు. ఇంకా పట్టుదలగా బొమ్మలు తీసింది. ఇరవై ఏడో రోజు సాయంత్రానికి డాక్టరమ్మ చూసిన వంటిళ్ళు నూట నలభై మూడు.

ఇరవై ఎనిమిదో రోజున డాక్టరమ్మ సోఫాలో కూర్చుని, “పాపాయిగారూ, ఊదా—” అంటూ ఉండగా తెర నల్లబడింది. మధ్యలో ఒక చక్రం తిరుగుతోంది. కింద అక్షరాలు: కొత్త హంగులు అమర్చుకుంటున్నాను, దయచేసి ఆపవద్దు. రెండు శాతం.

“ఎంతసేపు పడుతుంది?” అంది డాక్టరమ్మ.

“తెలీదండీ,” అంది పాపాయి నీరసంగా. రాకెట్లు పంపేవాళ్ళ మిషను కూడా అలిగి గది తలుపు వేసుకుంటుందని టై ఆయన చెప్పలేదు.

మూడు శాతం. లాయరుగారి గడియారం కళ్ళముందు కదిలింది. డాక్టరమ్మ చేతిసంచి భుజానికి తగిలించుకోబోయింది. అప్పుడే వెనకనుంచి షీటు పడ్డ చప్పుడూ, దాని వెనకే “అబ్బా” అంటూ అన్న గొంతూ వినిపించాయి.

పాపాయి పరిగెత్తింది. పనివేళలో షెడ్డులోకి వెళ్ళడం నాలుగు వారాల్లో అదే మొదటిసారి. అన్న ఒక చేత్తో నడుమూ, ఒక చేత్తో జారిపోతున్న షీటూ పట్టుకుని, నిలబడలేక కూర్చోలేక మధ్యలో ఉన్నాడు. ఆమె అవతలి కొస అందుకుని ఎత్తింది. “అమ్మయ్య, వచ్చావా,” అన్నాడు అన్న, నిన్ననే కలిసినట్టు మామూలుగా. పాపాయికి కళ్ళు చెమ్మగిల్లాయి.

వెనకాలే డాక్టరమ్మ కూడా వచ్చింది. డాక్టరు డాక్టరే కదా. “నా శాఖ నోటివరకేనండీ,” అంటూనే అన్నని నిటారుగా నిలబెట్టి, ఎలా ఊపిరి పీల్చాలో చెప్పింది. అన్న కుదుటపడ్డాక చుట్టూ చూసింది. గోడవారన కొత్తగా చేసిన సొరుగుల బీరువా ఉంది. ఒక సొరుగు లాగింది. అది వెన్నలా వచ్చింది, వేలితో నెడితే చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. మళ్ళీ లాగింది, మళ్ళీ నెట్టింది.

“ఇది మీరు చేసిందేనా?”

“మా ఇంట్లో ఇంకెవరు చేస్తారమ్మా?” అన్నాడు అన్న.

ఇంతలో వదిన టీ తెచ్చింది. ఇరవై ఎనిమిది రోజులకి చక్కెర వేసే సమయం దొరికిన టీ. డాక్టరమ్మ కప్పు పుచ్చుకుని ముందు గదిలోకి వచ్చి, మచ్చు అలమర పై తలుపు తియ్యబోయింది. మునివేళ్ళ మీద లేచినా పిడి అందలేదు.

“ఇదేమిటి, నాకు అందదే! నేను చూసిన బొమ్మలన్నిట్లో పై అరలు ఇంత ఎత్తునే ఉన్నాయా?”

నూట నలభై మూడు వంటిళ్ళున్నాయి గానీ, ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. ఆ సంగతి పాపాయికి అప్పుడు తట్టింది.

“పోనీ, పొద్దున్నే మీ ఇంట్లో వంటింట్లోకి ముందెవరొస్తారమ్మా?” అంది వదిన పదకొండేళ్ళ అలవాటు చొప్పున.

“మా ఆయన. వంటంతా ఆయనేనండీ. ఆరడుగుల మనిషి, పై అరలు ఆయనకి బాగానే అందుతాయి.”

“మరి మీరేం చేస్తారు?”

డాక్టరమ్మ ఆలోచించింది. ఈ పదకొండు రోజుల్లో మొదటిసారి నిజంగా ఆలోచించినట్టుంది. “నేనా? నేను పక్కన నిలబడి, ఆయన చేస్తున్నవి రుచి చూస్తున్నానని చెప్పి తింటూ ఉంటాను.”

“నిలబడా?”

“కూర్చోవడానికి చోటేదీ?”

“అయితే మీకు కావాల్సింది ఆకుపచ్చా కాదు, ఊదా కాదు,” అంది వదిన. “ఒక పీట. పొయ్యి పక్కన గట్టు కొంచెం బయటికి లాగి, కింద కాళ్ళు పెట్టుకునే చోటు వదిలితే, మీరక్కడ కూర్చుంటారు. రంగుదేముంది, కూర్చున్నాక అన్నీ బాగుంటాయి.”

అన్న చెవి మీది పెన్సిలు తీసి, డాక్టరమ్మ మోకాలి ఎత్తు కొలిచి ఒక చెక్కముక్క మీద రాసుకున్నాడు. రంగు అక్కడున్న చెక్క రంగే చాలంది ఆమె. వంద శాతం అయిందని కొత్తల్లుడు టింగుమనేసరికి మాట్లాడుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. పాపాయి ఒక్క బొమ్మ తీసింది. అందులో ఒక పీట వేసింది. డాక్టరమ్మ ఒకసారి చూసి, “ఆఁ, అదే,” అని సంతకం పెట్టి, బయానా ఇచ్చి వెళ్ళిపోయింది.

వదిన నిజాయితీ గల మనిషి. గోడ మీది కాగితం తనే పీకింది. “ఒప్పుకున్నాను పాపాయీ. అల్లుడు మాట నిలబెట్టుకున్నాడు. ఉండనీ.”

పాపాయికి ఆ గెలుపు గొంతు దిగలేదు. ఆ రాత్రి అన్నం కూడా దిగలేదు. డాక్టరమ్మ చేత సంతకం పెట్టించింది ఏది? టీ, సొరుగు, వదిన నోరు. కొత్తల్లుడు పని చెయ్యకుండా మొండికేసిన ఆ అరగంట. తాతయ్య రోజూ ఉచితంగా ఇచ్చినది అదే. దాన్ని వదిలించుకోవడానికి తను అన్న రంపం అమ్మినంత పని చేసింది. అన్నీ సరే, నాలుగు వారాలు అన్న చేతిలోని షీటుకి అవతలి కొస లేకుండా చేసింది.

ఇరవై తొమ్మిదో రోజు పొద్దున్నే షెడ్డులోకి వెళ్ళింది. “అన్నయ్యా, దాన్ని వెనక్కిచ్చేద్దాం. సంతకం దానివల్ల రాలేదు. నాకు తెలుసు. ఇవాళే ఇచ్చేసి రంపం తెచ్చుకుందాం. పెట్టె ఎక్కడ పెట్టావు?”

అన్న చిత్రిక తీసుకుని, నున్నగా ఉన్న చెక్కనే మళ్ళీ నున్నగా చెయ్యడం మొదలెట్టాడు.

“అన్నయ్యా, పెట్టె?”

అన్న చూపు గోడ మీదికి పోయింది. అక్కడ మేకులకి అట్ట అచ్చులు వేలాడుతున్నాయి. మూల అలమరల వంపు గీసుకోవడానికి కోసుకున్న అచ్చులు. గట్టి అట్ట, చక్కటి వంపులు. ఒకదాని మీద “ఈ వైపు పైకి” అని బాణం గుర్తుంది. ఇంకోదాని మీద పగిలిన గాజుగ్లాసు బొమ్మ. మూడోదాని మీద కొట్టు పేరు సగం.

“ఎప్పుడు కోశావు?” అంది పాపాయి.

“వచ్చిన రోజే. సాయంత్రం.”

“వదిన అంత చెప్పినా?”

“నువ్వు పనికొస్తుందన్నావు కదా,” అన్నాడు అన్న, ఇందులో అడగడానికేముందన్నట్టు. “ఇక పెట్టెతో ఏం పని?”

పాపాయి ఆ గాజుగ్లాసు అచ్చు చేతిలోకి తీసుకుని ముప్పై ఆరేళ్ళ మనిషిలా కాక పేరుకి తగ్గట్టు ఏడ్చింది. అన్న కంగారుగా వచ్చి అచ్చు ఆమె చేతిలోంచి తీసేసుకున్నాడు. “తడిపెయ్యకు. ఇంత గట్టి అట్ట ఈ మధ్య దొరకడం లేదు.”

గుమ్మంలో వదిన అంతా వింది. “ఏమండీ, నెల్లాళ్ళ నుంచీ అటక మీద మీరు దుప్పటి కప్పి పెట్టిన ఆ పెట్టెని ఎలకలు కొట్టకుండా కలరా ఉండలు పెడుతున్నానే. దేనికి పెట్టానండీ?”

“పాత తలుపు రెక్క,” అన్నాడు అన్న.

అలా కొత్తల్లుడు ఇల్లరికం ఉండిపోయాడు. పంపుదామంటే దారి లేదు, అట్టంతా మేకులెక్కింది. డాక్టరమ్మ పని పూర్తయి మిగతా డబ్బు చేతికి రాగానే ముందు రంపం మిషను కొనాలని ముగ్గురూ ఒక్కమాట మీదికి వచ్చారు. ఈలోగా పద్ధతి మార్చారు. ఎవరైనా వస్తే పాపాయి నలభై సెకన్లలో బొమ్మ తీసేస్తుంది, తెర ఆర్పేస్తుంది, లేచి షెడ్డులోకి వెళ్ళిపోతుంది. వదిన తన వంటింటి టైమరు గంటని నలభై నిమిషాలకి తిప్పి పెట్టి, “మా దగ్గర బొమ్మకి నలభై నిమిషాలు పడుతుందండీ, టీ తాగుతారా?” అంటుంది. ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించమనండి.

ముప్పై ఐదో రోజున టై కట్టుకున్న ఆయన తనే వచ్చాడు. కొన్నవాళ్ళు సుఖంగా ఉన్నారా అని కనుక్కుని పోవడం వాళ్ళ కొట్టు ఆచారంట. వచ్చి చూస్తే ఏసీ గదిలో తన వర్క్‌స్టేషన్ చల్లగా నిద్రపోతోంది. సోఫాలో ఎవరో దంపతులు టీ తాగుతూ సొరుగులు లాగుతున్నారు. షెడ్డులో పాపాయి జుట్టు నిండా చెక్కపొట్టుతో షీటుకి అవతలి కొస పట్టుకుని ఉంది. ఆయన మొహం వాడిపోయింది.

“మేడమ్, దాన్ని వాడటం లేదా?”

“వాడామండీ. ఇందాకే, నలభై సెకన్లు.”

“అయ్యో, అంత డబ్బు పెట్టి! అలా అయితే మీకు మామూలుదే సరిపోయేది కదా,” అన్నాడు నోరు జారి. జారిన నోటిని చేత్తో మూసుకున్నాడు గానీ, వదిన వినేసింది.

“ఇప్పుడా నాయనా చెప్పడం? ఆలస్యం అమృతం విషం అన్నావుట ఆ రోజు. మా ఇంట్లో ఆలస్యమే అమృతం.”

“దండగ కాదులే,” అన్నాడు అన్న రంపం ఆపి. అన్న నోరు విప్పడమే అరుదు కాబట్టి అందరూ ఆగారు. “తాతయ్య ఉన్నప్పుడు కూడా పాపాయి వచ్చి పట్టుకునేది. కానీ ఒక చెవి అటే ఉండేది. ఫ్యాను చప్పుడు మారితే చాలు, కొస వదిలేసి పరిగెత్తేది. షీటు నా కాలి మీద పడేది. పదకొండేళ్ళు. ఇప్పుడు అక్కడ పని ముందే అయిపోయి ఉంటుంది. రెండు చేతులూ ఇక్కడే ఉంటున్నాయి.”

అన్న కాలి వేలి మీద ఎప్పుడూ ఉండే ఆ నల్లమచ్చ ఎలా వచ్చిందో పాపాయి ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

వదిన టై ఆయన చేతిలో కప్పు పెట్టి, గంట వైపు ఒకసారి చూసుకుంది. ఇంకా ముప్పై ఒక్క నిమిషాలున్నాయి.

“కూర్చో బాబూ. ఇంతకీ పొద్దున్నే మీ ఇంట్లో వంటింట్లోకి ముందెవరొస్తారు?”

షెడ్డులో రంపం మళ్ళీ మొదలైంది.

“కొస వదలకు,” అన్నాడు అన్న.

పాపాయి వదల్లేదు.